పై ఊరు తోసిన గుర్రపు డెక్క కింది ఊరిని ముంచుతుంది

కృష్ణా, గోదావరి డెల్టాల్లో చాలా మురుగు కాలువల గట్ల మీద నిలబడి చూస్తే నీళ్ళు కనపడవు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా గుర్రపు డెక్క పరుచుకుని ఉంటుంది. పైన లేత ఊదారంగు పూలు. కార్లలో పోయేవాళ్ళు ఆగి ఫొటోలు తీసుకుంటుంటారు. ఆ పూల కింద నీళ్ళు కదలడం లేదనీ, కదలని నీళ్ళు ఎగదన్ని పొట్టకొచ్చిన వరిచేలో నిలిచిపోతాయనీ వాళ్ళకు తెలియదు. కౌలు రైతుకు తెలుసు. కోతల మీద ఆశ పెట్టుకున్న కూలికి తెలుసు. చేను మునిగితే భూమి గలవాడికి భూమన్నా మిగులుతుంది. కౌలుకు చేసినవాడికి అప్పు మిగులుతుంది. కూలివాళ్ళకు కోత పనే మిగలదు.

ఇంజనీర్లు దీన్ని కాలువల మెయింటెనెన్సు అంటారు. మన ఊళ్ళల్లో తూడు సమస్య అంటాం. పేరేదైనా, ఇది ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరి చేతుల మీదుగా ఒక కాలువ నుంచి ఇంకో కాలువకు పోతోంది అన్నది తెలుసుకోకపోతే ఏటా తియ్యడం, ఏటా మొలవడం, ఏటా బిల్లులు కావడం, ఇదే తంతు.

గుర్రపు డెక్క మన మొక్క కాదు. దక్షిణ అమెరికాలో అమెజాన్ నది ప్రాంతం దాని పుట్టిల్లు. అక్కడ దాన్ని తినే పురుగులున్నాయి, దానికి పట్టే తెగుళ్ళున్నాయి, అందుకని అక్కడ అది అదుపులో ఉంటుంది. పూలు బాగున్నాయని తెల్లదొరలు తమ తోటల్లో, నీటి తొట్లలో పెంచుకోవడానికి దేశదేశాలకూ మోసుకుపోయారు. మొక్కను తెచ్చారు గానీ దాని శత్రువుల్ని తేలేదు. 19వ శతాబ్దం చివరికి అది బెంగాల్ చేరింది. తొట్టి దాటి చెరువులో పడింది, చెరువు దాటి ఏట్లో పడింది. 1920ల నాటికి తూర్పు బెంగాల్లో పడవలు నడవని పరిస్థితి వచ్చింది. వరిచేలల్లోకి కూడా చొరబడింది. 1921లో ప్రభుత్వం జగదీశ్ చంద్ర బోస్ అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. 1936లో ప్రత్యేకంగా ఈ మొక్క కోసమే ఒక చట్టం చేశారు. ఎవరి నీళ్ళల్లో ఉన్నదాన్ని వాళ్ళు ఉంచుకోకూడదు, అందరూ కలిసి తియ్యాలి అన్నది దాని సారాంశం. 1937 ఎన్నికల్లో పెద్ద పార్టీలన్నీ గుర్రపు డెక్కను నిర్మూలిస్తామని హామీ ఇచ్చాయి. ఫజలుల్ హక్ ప్రభుత్వం వచ్చాక ఊరూరా జనాన్ని కదిలించి తీయించింది. ఒక కలుపు మొక్క ఎన్నికల సమస్య అయిందంటే అది రైతు గొంతు దాకా వచ్చిందన్నమాట.

మన కోస్తా జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. మద్రాసు ప్రభుత్వం బెంగాల్ కంటే ముందే, 1919లో, పంటల పురుగులు, తెగుళ్ళ చట్టం చేసింది. హానికరమని ప్రకటించిన కలుపును భూమి అనుభవిస్తున్నవాడు తీసెయ్యాలని అధికారి నోటీసు ఇవ్వొచ్చు. తియ్యకపోతే ప్రభుత్వమే తీయించి ఖర్చు వాడి దగ్గర వసూలు చెయ్యొచ్చు. చట్టం వయసు నూరేళ్ళు దాటింది. నేను సంఘం పనిలోకి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. వందల ఎకరాల చేపల చెరువులున్న ఒక్క ఆసామీకి అలాంటి నోటీసు వచ్చిందని ఇంతవరకు నా చెవిన పడలేదు. కాలువ గట్టున గుడిసె వేసుకున్నవాడికి మాత్రం నోటీసులు ఆలస్యం కాకుండానే వస్తాయి.

ఇక ఈ మొక్క ఎలా పెరుగుతుందో చూడండి. అరటి పిలక వేసినట్టు ఇది నీళ్ళ మీద తీగ సాగి పిల్లను పెడుతుంది. తీగ తెగితే పిల్ల విడిపోయి తన దారిన తను పోయి ఇంకో చోట తల్లి అవుతుంది. ఎండ, బలమైన నీళ్ళు ఉంటే రెండు వారాల్లో రెట్టింపు అవుతుంది. అంటే మే నెల మధ్యలో కాలువ మూలన పది మొక్కలు వదిలేశారనుకోండి. అక్టోబరు ఆఖరుకు పన్నెండుసార్లు రెట్టింపు. ఆ పది కాస్తా నలభై వేలు దాటాలి. ఇది కాగితం మీద లెక్క, చోటు చాలక అంత కాకపోవచ్చు. కానీ తుపాన్లు వచ్చేది ఆ అక్టోబరు, నవంబరు నెలల్లోనే కదా. తొంభై పాళ్ళు తీశాం, పది పాళ్ళు మిగిలితే ఏమవుతుందిలే అనేవాళ్ళు ఈ లెక్క వేసుకోవాలి.

విత్తనం సంగతి ఇంకా మొండిది. పూసిన పూవు నీళ్ళల్లోకి వంగి గింజలు రాలుస్తుంది. ఆ గింజ అడుగు బురదలో ఇరవై ఏళ్ళ దాకా చావకుండా ఉండగలదు. నీళ్ళు తగ్గి ఎండ తగలగానే మొలుస్తుంది. అందుకే ఒకసారి శుభ్రంగా తీసిన డ్రెయిన్లో కూడా కొద్ది వారాలకే గట్టు వెంబడి చిన్న మొలకలు లేస్తాయి. అవి చేతితో లాగితే వచ్చేస్తాయి, ఇద్దరు మనుషులు రోజుకు చాలా దూరం ఏరగలరు. అదే రెండు నెలలు వదిలేస్తే పొక్లెయిన్ తేవాలి.

ఏ నీళ్ళల్లో ఎక్కువ బలుస్తుందో కూడా చెప్పాలి. ఉత్త నీళ్ళల్లో ఇది పేలగా ఉంటుంది. మురుగు పడిన నీళ్ళల్లో, ఎరువు కడిగిన నీళ్ళల్లో నడుమెత్తు లేస్తుంది. హైదరాబాదులో మూసీని చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. కొల్లేరు సంగతి అంతే. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పళ్ళెంలాంటి పల్లపు చోటు అది. బుడమేరు, తమ్మిలేరు, ఎన్నో డ్రెయిన్లు అందులో పడతాయి. బయటికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే, సుమారు 60 కిలోమీటర్లు పోయి సముద్రంలో కలుస్తుంది. 1999లో కొల్లేరును అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. 2006లో చేపల చెరువుల గట్లు పేల్చారు. ఇన్ని జరిగినా పట్నాల మురుగు, చేలలో వేసిన యూరియా, చెరువుల్లో చేపలకు వేసిన మేత, పేడ కలిసిన నీళ్ళు అన్నీ పల్లానికే వస్తున్నాయి. అంత బలం తిన్న డెక్క ఉప్పుటేరు మొగను, వంతెన ఖానాల్ని మూసేస్తే వెనక ఉన్న లంక గ్రామాలు ఏం కావాలి?

డెక్క కింద నీళ్ళకు ఎండ తగలదు, గాలి అందదు. చేప నిలవదు. దోనె కదలదు, వల పడదు. దోమల మాట కూడా వినండి. మామూలు దోమ పిల్ల నీళ్ళ పైకి వచ్చి గాలి పీలుస్తుంది. మాన్సోనియా అనే దోమ పిల్ల పైకి రాదు. గుర్రపు డెక్క వేరుకో, అంతరతామర వేరుకో సూదిలాంటి గొట్టం గుచ్చి అక్కడి గాలినే పీలుస్తుంది. కేరళలో చేర్తల ప్రాంతంలో బోదకాలు వ్యాధిని మోసింది ఈ దోమే. నీళ్ళ మీద నూనె చల్లితే మామూలు దోమ పిల్ల చస్తుందేమో గానీ ఇది చావదు. మొక్క తీస్తేనే పోతుంది. డ్రెయిన్ గట్ల మీద ఎవరి ఇళ్ళు ఉంటాయో మన పాఠకులకు నేను చెప్పాలా?

సరే, తియ్యడం ఎలా జరుగుతోంది? డెల్టా కాలువలు ఏప్రిల్లో కట్టేసి జూన్లో వదలడం రివాజు. తూడు తియ్యాల్సిన అదను అదే. నీళ్ళు అడుగంటుతాయి, మనిషి దిగగలడు, వేరుతో సహా వస్తుంది, ఎండ గట్టిగా ఉంటుంది కాబట్టి తీసింది తీసినట్టే ఎండుతుంది. కానీ అంచనాలు వేసి, టెండర్లు పిలిచి, అవి ఖాయమయ్యేసరికి మే నెల గడిచిపోతుంది. లాకుల దగ్గర నీళ్ళు వదిలే రోజు ముంచుకొచ్చాక కాంట్రాక్టరు హడావుడిగా మనుషుల్ని దించుతాడు.

నేను పందొమ్మిదేళ్ళ వయసులో అలాంటి పనికి పోయాను. మొలలోతు నీళ్ళు, అడుగున బురద, ఒళ్ళంతా దురద, జలగలు. చేతికి ఇచ్చింది ఒక కొంకి కర్ర, అంతే. మేస్త్రీ చెప్పిన మాట నాకిప్పటికీ గుర్తే: "గట్టెక్కించి ఏం చేస్తార్రా, నరికి ఆ వంతెన దాటించండి, మన పని అయిపోయింది." మేం వెదురు గడలతో తోసుకుంటూ వంతెన దాటించాం. వారం తిరక్కుండా వంతెన కింద ఉన్న ఊరి నుంచి పనికి మనుషులు కావాలని కబురొచ్చింది. పోయి చూస్తే అదే కాంట్రాక్టరు. మేం తోసిన డెక్కే. ఒకే డెక్కకు రెండు బిల్లులయ్యాయి. కూలి మాత్రం మొదటి దానికే సగం బాకీ పెట్టాడు.

ఇది ఒక్క కాంట్రాక్టరు కథ కాదు. పని చూసే పద్ధతే అలా ఉంది. ఇంత కాలువకు ఇంత అని కొలిచి బిల్లిస్తారు గానీ, తీసింది ఎక్కడ వేశారు, నెల తర్వాత ఎలా ఉంది అని అడిగేవాడు లేడు. ముదిరిన డెక్క ఎకరానికి ఎనభై టన్నులకు తగ్గదు. అందులో తొంభై పాళ్ళకు మించి నీళ్ళే. ఆ బరువు గట్టెక్కించడం కంటే తొయ్యడం తేలిక. గట్టు వాలున కుప్ప వెయ్యడం ఇంకా తేలిక. మొదటి వానకు ఆ కుప్ప జారి కాలువలో పడుతుంది, బతికి ఉన్న తీగలు మళ్ళీ ఈనతాయి.

యంత్రాలు కూడా దీన్ని మోస్తాయి. ఈ డ్రెయిన్లో పని ముగించుకున్న పొక్లెయిన్ బకెట్టులో, గొలుసు చక్రాల మధ్య నాలుగు తీగలు ఇరుక్కుని ఉంటాయి. ట్రెయిలర్ ఎక్కి ఇంకో మండలం పోయి అక్కడి శుభ్రమైన కాలువలో దిగుతుంది. వలలకు, దోనెలకు, ఇంజను గొట్టాల కాళ్ళకు చుట్టుకున్న తీగ కూడా అంతే. యంత్రాన్ని గట్టు మీదే కడిగించి, దులిపించి, ఒక రోజు ఎండలో నిలిపి పంపాలి. దీనికి పెద్ద ఖర్చు లేదు. వల ఎండేసుకోవడం మన బెస్తవాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. కాకపోతే ఒక చెరువు నుంచి నేరుగా ఇంకో చెరువుకు తడి వలతో పోవద్దని సొసైటీలో కట్టుబాటు చేసుకోవాలి.

కొన్ని చోట్ల మందు కొట్టిస్తున్నారు. కొట్టినవాడికి సులువే, వారానికల్లా పచ్చది గోధుమ రంగుకు వస్తుంది, ఫొటో తీసి పంపొచ్చు. చచ్చిన డెక్క మునిగి కుళ్ళి నీళ్ళల్లో ఉన్న కాస్త గాలినీ లాగేస్తుంది, చేపలు తేలతాయి. 2,4-డి లాంటి మందు గాలికి కొట్టుకుపోతే పక్కన పత్తి, మినుము మాడతాయి. డెల్టా ఊళ్ళల్లో మంచినీళ్ళ చెరువులు నింపేది కాలువలతోనే. గేదెలు తాగేది అవే నీళ్ళు. వీపున డబ్బా కట్టుకుని ముక్కుకు గుడ్డ లేకుండా కొట్టేది మన కూలి పిల్లవాడే. బురదలో గింజ మాత్రం చావదు. ఈ పద్ధతిని మన సంఘాలు ఒప్పుకోకూడదని నా అభిప్రాయం.

పురుగుల మార్గం మంచిదే. అమెరికా నుంచి తెచ్చిన నియోకెటినా అనే ముక్కు పురుగుల్ని 1980లలో బెంగుళూరు ఉద్యాన పరిశోధనా సంస్థ వాళ్ళు అక్కడి చెరువుల్లో వదిలారు. అవి ఈ మొక్కను తప్ప వేరే పంటను ముట్టవని పరీక్షించాకే వదిలారు. కొన్ని చెరువుల్లో బాగా పనిచేశాయి. కానీ అది ఏళ్ళ మీద తేలే పని. నిత్యం మురుగు పారే చోట పురుగు తినేదాని కంటే మొక్క పెరిగేది ఎక్కువ. కదలని చెరువులకు అడగండి. కాలువలకు మనిషి చెయ్యే గతి.

ఈ మధ్య డెక్క కాడలతో బుట్టలు, చాపలు అల్లడం ఆడవాళ్ళకు నేర్పుతున్నారు. నాలుగు రూపాయలు వస్తే వద్దనను. ఎండిన డెక్కను పేడతో కలిపి కుళ్ళబెడితే మంచి ఎరువవుతుంది, అదీ చెయ్యాలి. కానీ బుట్టల పేరు చెప్పి డెక్కను ఒక పంటలాగా చూపించడం మొదలైంది. ఎకరానికి ఎనభై టన్నుల మొక్కకు ఎన్ని బుట్టలు అల్లుతారు? అల్లకం కోసం ఇంకో ఊరి చెరువులో వేసుకునేవాడు కూడా బయల్దేరతాడు. అది జరగనివ్వకండి.

మొక్క కంటికి కనపడుతుంది. నీళ్ళ కింద పెరిగేది కనపడదు. కృష్ణలో, కాలువల్లో, చేపల చెరువుల్లో దెయ్యం చేప పడుతోంది. ఒంటి నిండా పెంకు, ముళ్ళు. ఇదీ దక్షిణ అమెరికాదే. అద్దాల తొట్టిలో పాచి తింటుందని పట్నాల్లో కొనుక్కుంటారు. అది తొట్టి పట్టనంత ఎదిగాక జాలి పడి కాలువలో వదిలేస్తారు. ఆ జాలి బెస్తవాడి వల చింపుతోంది. గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది కనుక గట్టుకూ చేటే. వలలో పడితే గట్టు మీదికి విసిరేస్తున్నారు. నీళ్ళు లేకుండా గంటల తరబడి బతుకుతుంది అది. వాలున పడితే పాక్కుంటూ మళ్ళీ దిగుతుంది. చంపి, గట్టుకు దూరంగా పాతెయ్యాలి.

ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను మన దేశంలో 2000 నాటికే నిషేధించారు. కోళ్ళ వ్యర్థాలు మేపి దొంగచాటుగా పెంచుతూనే ఉన్నారు. గట్టు తెగిన రోజున అది ఏట్లో పడి మన మార్పుల్ని, చిన్న చేపల్ని మింగుతుంది. తిలాపియా సంగతి వేరు. 1952లో మన దేశానికి తెచ్చారు, ఇవాళ అది లేని నీళ్ళు తక్కువ. కూలివాడి కంచంలో చవక కూర అదే కాబట్టి దాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. అయినా అది నిండిన చెరువులో నాటు చేపలు ఎంత తగ్గాయో పెద్దవాళ్ళను అడిగితే చెబుతారు. తెలంగాణలో 2016లో ఉచిత చేప పిల్లల పంపిణీ మొదలయ్యాక కైకలూరు వైపు నుంచి లారీల్లో పిల్లలు పోయాయి. సర్కారుదైనా, సొంతంగా కొన్నదైనా, పిల్ల చెరువులో పడకముందే తెల్ల గిన్నెలో పోసి చూసుకోవాలి. లెక్క ఒక్కటే కాదు, జాతి చూడాలి. బొచ్చె, రాగండి, మోసు పిల్లల మధ్య వేరేది కనపడితే ఆ బస్తా వెనక్కి పంపాలి. చెరువులో పడ్డాక దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

ఇప్పుడు మన పని. సాగునీటి సంఘాల చట్టం 1997లో వచ్చింది. అందులో ఓటు ఆయకట్టుదారుకే గానీ కాలువలో దిగే కూలికి లేదు. అందుకని మన మాట మనమే తీసుకుపోవాలి. కాలువలు కట్టెయ్యడానికి నెల ముందే అంచనాలు తయారు కావాలని అడగాలి. తియ్యడమంటే ఒక్కసారి కాదు, మొలకలు ఏరడానికి రెండో విడత, మూడో విడత కూడా అంచనాలో ఉండాలి. పై ఊరు ముందు, కింది ఊరు తర్వాత, ఆ వరసలో పని జరగాలి. కింది నుంచి మొదలుపెడితే పైది వచ్చి మళ్ళీ నింపుతుంది. ఊరి పొలిమేర వంతెన దగ్గర వెదురు గడలు, తాడు కలిపి నీళ్ళ మీద అడ్డు వెయ్యాలి. దాని దగ్గర ఆగిన డెక్కను ఏ రోజుది ఆ రోజు తియ్యాలి, లేకపోతే ఆ అడ్డే కాలువను మూస్తుంది. అందుకు ఒక మనిషికి నిత్యం పని. లస్కర్ల పోస్టులు ఖాళీ పెట్టి ఈ పని ఎవరు చేస్తారు?

ఉపాధి పథకం పేరూ చట్టమూ ఎన్ని మారినా, ఈ పని కూలి చేతికి రావాల్సిన పని. కొలతకు కాదు, రోజుకు కూలి కట్టమని అడగాలి. ఎందుకంటే కొలతకు కడితే తొయ్యడమే లాభం, రోజుకు కడితేనే తియ్యడం కుదురుతుంది. తీసింది గట్టు దాటించి, వేళ్ళు పైకి వచ్చేటట్టు పరిచి ఎండనివ్వాలి. మోకాళ్ళు దాటే బూట్లు, చేతి తొడుగులు, పొడుగు కొంకి కర్రలు, పాము కరిస్తే తీసుకుపోవడానికి బండి పని చోట ఉండాలి. ఇవి లేకుండా ఆడకూలీలను నీళ్ళల్లోకి దించమని సంఘం తేల్చి చెప్పాలి.

కాలువలు కట్టే ముందు ప్రతి ఊరి సంఘమూ తన పరిధిలోని డ్రెయిన్ను ఒకసారి నడిచి చూడాలి. అర్జీలో డ్రెయిన్ పేరు, ఏ వంతెన నుంచి ఏ వంతెన దాకా మూసుకుంది, కిందటేడు ఎవరు తీశారు, తీసింది ఎక్కడ వేశారు, ఎన్ని రోజులకు మళ్ళీ పుట్టింది, ఏ చెరువు నుంచి, ఏ మురుగు గొట్టం నుంచి నీళ్ళు పడుతున్నాయి, ఇవన్నీ రాయండి. ఒక ప్రతి ఇరిగేషన్ డీఈకి, ఒకటి పంచాయతీకి ఇచ్చి రసీదు తీసుకోండి. మూడో ప్రతి కింది ఊరి సంఘానికి పంపండి, వాళ్ళది మీరు తెప్పించుకోండి.